అమ్మను మోసిన లిఫ్టు



మన విచారణల్లోని కొన్ని ఇళ్లలో ఈ మధ్య ఒక ప్రశ్న వినిపిస్తోంది. ఇంట్లో పెద్దవారు కన్నుమూస్తారు. భూస్థాపన జరుగుతుంది, నెల పూజ చెప్పించుకుంటారు, బంధువులు ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోతారు. అప్పుడు ఇంటివారి చూపు మెట్ల పక్కన నిలబడి ఉన్న ఒక వస్తువు మీద పడుతుంది. చక్రాల కుర్చీతో సహా మనిషిని పై అంతస్తుకు చేర్చడానికి పెట్టించిన చిన్న లిఫ్టు అది. అమ్మ కోసమో, నాయన కోసమో బిడ్డలు అప్పు చేసి మరీ పెట్టించినది. ఇక దానితో ఇంట్లో ఎవరికీ పని లేదు. దాన్ని ఏం చేయాలి?

ఇది ఇంటి సామానుకు సంబంధించిన సంగతి కదా, మేత్రాసన పత్రికలో దీనికి చోటెందుకని మీరు అడగవచ్చు. ప్రభువు ఆకలిగొన్నవారిని గురించి, దాహంతో ఉన్నవారిని గురించి, రోగులను గురించి మాట్లాడినప్పుడు అన్నం, నీళ్లు, బట్టలు వంటి సామాన్య వస్తువులనే ముందుంచారు. కడపటి తీర్పునాడు మన ప్రేమను కొలిచేది అటువంటి వస్తువులతోనే. కాబట్టి పాత లిఫ్టు కూడా ఆత్మసంబంధమైన విషయమే.

రేణిగుంట వంటి రైల్వే కూడలిని తీసుకోండి. గూడూరు, గుంతకల్లు, అరక్కోణం, తిరుపతి దిక్కుల నుంచి వచ్చే పట్టాలు అక్కడ కలుస్తాయి. రైల్వేలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన వ్యక్తి వచ్చిన డబ్బుతో చిన్న మిద్దె కట్టుకుంటాడు. కింది భాగం అద్దెకిస్తే నెలకు నాలుగు డబ్బులు వస్తాయని తాను పైన కాపురముంటాడు. ఒంట్లో శక్తి ఉన్నంతకాలం ఇరవై మెట్లు లెక్కలోకి రావు. పక్షవాతం వచ్చాకో, తుంటి ఎముక విరిగాకో, ఆ ఇరవై మెట్లే అతనికి జైలు గోడ అవుతాయి. ఆదివారం గుడి గంట వినిపిస్తుంది, దివ్యబలిపూజకు రాలేడు. గురువులు దివ్యసత్ప్రసాదాన్ని ఇంటికే తీసుకువెళ్లి ఇస్తారు. అది గొప్ప ఓదార్పే. అయినా నలుగురితో కలిసి పీఠం ముందు ఉండాలన్న కోరిక ఆ గుండెలో నిలిచే ఉంటుంది. ఆ కోరిక తీర్చగలిగిన వస్తువు మరొక ఇంట్లో దుమ్ము కొట్టుకుపోతూ ఉంటే మనం ఏమనుకోవాలి?

ప్రియులారా, మార్కు సువిశేషం రెండవ అధ్యాయంలోని కఫర్నాము ఇంటిని గుర్తుచేసుకోండి. పక్షవాత రోగిని నలుగురు మోసుకు వచ్చారు. జనం కిక్కిరిసి ఉండడంతో వాకిలి గుండా లోపలికి పోలేకపోయారు. పైకప్పు ఎక్కారు, కప్పును విప్పారు, పడకతో సహా అతన్ని ప్రభువు ఎదుటికి దించారు. లూకా సువిశేషం పెంకులు తీశారని కూడా చెబుతుంది. వికలాంగుడైన ఒక మనిషిని పై నుంచి కిందికి దించిన ఆ పనిని నేటి భాషలో లిఫ్టు అనవచ్చు. ఆ నాటి లిఫ్టు నాలుగు తాళ్లు, ఎనిమిది చేతులు.

ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే ఆ కథ చివరను తరచుగా మరచిపోతాం. స్వస్థత పొందినవానితో ప్రభువు ఊరికే వెళ్లిపొమ్మని అనలేదు. పడకను ఎత్తుకొని ఇంటికి పొమ్మన్నారు. అంతవరకు అతన్ని మోసిన పడకను ఇప్పుడు అతడు మోశాడు. అవసరం తీరిపోయింది గనుక దాన్ని ఆ ఇంట్లోనే పారేసి పోలేదు. కృతజ్ఞత గల మనిషి తనను మోసినదాన్ని దారిలో వదిలిపెట్టడు.

మన ప్రియులు స్వస్థత పొంది నడిచి వెళ్లలేదు, ప్రభువు సన్నిధికి వెళ్లారు. వారిని మోసినదాన్ని మోయవలసిన బాధ్యత మన మీద మిగిలింది.

సాధారణంగా మనవాళ్లు చేసేవి మూడు పనులు. కొందరు లిఫ్టును అలాగే ఉంచేస్తారు. అమ్మ జ్ఞాపకం కదా, తీయడానికి చేతులు రావు అంటారు. ఆ బాధను తక్కువ చేసి మాట్లాడడం తగదు. అయితే వాడని యంత్రం ఊరుకోదు. బ్యాటరీలు చార్జి లేక చచ్చిపోతాయి, చైనుకు తుప్పు పడుతుంది, రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి. రెండేళ్లు ఊరికే ఉంచిన జ్ఞాపకం మూడో ఏట పాత ఇనుము అవుతుంది. ఇంకొందరు వెంటనే పాత ఇనుము అంగడివాణ్ణి పిలిచి గ్యాస్ కట్టరుతో కోయించి కిలోల లెక్కన అమ్మేస్తారు. మూడవవారు మంచివారు. ఎవరికైనా ఉపయోగపడాలని ఒక్క పూటలో పీకించి మినీ లారీ ఎక్కించి పంపేస్తారు. మనసు మంచిదే. అయితే తొందరపాటు దానం పుచ్చుకున్నవారికి అపాయం తేగలదు.

విప్పడం, మోయడం కూడా దైవసేవలో భాగమేనని మనకు నేర్పేది సంఖ్యాకాండం. ఎడారిలో ఇశ్రాయేలీయులు గుడారం విప్పి, మోసి, మరొక చోట నిలబెట్టేవారు. ఆ పనిని దేవుడు లేవీయులకు అప్పగించాడు. మెరారి వంశస్థుల పాలికి చట్రాలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు వచ్చాయి. వినడానికి అందులో గొప్పతనమేమీ లేదు. అయినా నాలుగవ అధ్యాయంలో దేవుని ఆజ్ఞ చూడండి. ఎవరు ఏ వస్తువు మోయాలో ఒక్కొక్కటి పేరు పేరునా లెక్క చెప్పి అప్పగించాలి. ముప్పై ఏళ్లకు తక్కువవారు గాని యాభై ఏళ్లు దాటినవారు గాని ఆ పనికి పనికిరారు. అహరోను కుమారుడు ఈతామారు పైన ఉండి చూసుకోవాలి. మెరారి వంశంలో అలా లెక్కకు వచ్చినవారు 3,200 మంది. ఏడవ అధ్యాయంలో బండ్లు పంచినప్పుడు గెర్షోను వంశానికి రెండు బండ్లు, నాలుగు ఎద్దులు ఇచ్చారు. మెరారి వంశానికి నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇచ్చారు. బరువు ఎక్కువ గనుక సాధనం ఎక్కువ. మనుషుల నడుములు విరగకూడదని దేవునికి కూడా పట్టింపు ఉంది.

ఈ అధ్యాయాన్ని చేతిలో పెట్టుకొని మన లిఫ్టు దగ్గరకు వద్దాం. విప్పే పని తెలిసిన మెకానిక్ చేయవలసినది. వీలైతే పెట్టించిన కంపెనీవారినే పిలవండి. ఇంటి యజమానిగా మీరు ఈతామారు స్థానంలో ఉన్నారు. పైన ఉండి చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, లిఫ్టు తొట్టెను కింది మట్టానికి దించిన తరువాతనే ఏ బోల్టు అయినా విప్పాలి. పైన వేలాడుతున్న తొట్టె కింద ఎవరూ తల పెట్టకూడదు. రెండవది, మెయిన్ స్విచ్ ఆపితే కరెంటు పోయిందనుకోవద్దు. బ్యాటరీతో నడిచే లిఫ్టులు మెయిన్ ఆపినా కదులుతాయి, కరెంటు పోయినప్పుడు మనిషిని దించడానికే అవి పెట్టారు గదా. బ్యాటరీ తీగలు కూడా విడదీయాలి. నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ రకమైతే ఒత్తిడి పూర్తిగా తీయకుండా గొట్టం విప్పరాదు. సన్నటి ధారగా చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. మూడవది, విప్పకముందే ఫొటోలు తీయండి. ప్రతి తీగకు అంకె వేసి చీటీ కట్టండి. ఏ భాగం బోల్టులు ఆ భాగం పేరుతో వేరువేరు సంచుల్లో వేయండి. కంపెనీ ఇచ్చిన పుస్తకం, తాళాలు, రిమోటు, బిల్లు, సర్వీసు చేయించిన కాగితాలు ఒకే కవరులో పెట్టండి. ప్రతి మేకును పేరు పేరునా లెక్కపెట్టమన్న దేవుని మాటకు నేటి అర్థం ఇదే. ఒక్క చిన్న సేఫ్టీ స్విచ్ దారిలో పోతే అవతలి ఇంటి మెకానిక్ అది లేకుండానే తీగలు కలిపేస్తాడు. ఆ స్విచ్ ఉన్నది తలుపు మూయకుండా లిఫ్టు కదలకుండా ఆపడానికి.

బరువు సంగతి కూడా ఆలోచించండి. రకాన్నిబట్టి ఇది కొన్ని వందల కిలోలు తూగుతుంది. నిలువు స్తంభం ఒక్కటే నలుగురికి గట్టి బరువు. ఇద్దరు హమాలీలను పిలిచి, అదనంగా కూలి ఇవ్వడం ఇష్టం లేక, మెట్ల మీద నుంచి దొర్లించమనడం పాపం. వారి వేళ్లు, వారి నడుములు కూడా దేవుడు చేసినవే. చైన్ పుల్లీ తెప్పించండి, సరిపడా మనుషులను పెట్టండి. బండిలో స్తంభం కింద గోనెసంచులు పరచి, మోకులతో బిగించి, మోటారు మీద టార్పాలిన్ పట్ట కప్పండి. రేణిగుంట నుంచి పుత్తూరు, నగరి మీదుగానో, శ్రీకాళహస్తి మీదుగానో పోయే దారిలో ఒక బ్రేకు వేస్తే కట్టని ఇనుము డ్రైవరు వీపు మీదికి వస్తుంది.

లిఫ్టు వెళ్లిపోయిన తర్వాత చాలామంది మరచిపోయేది ఒకటి ఉంది. పై అంతస్తులో దాని కోసం గోడ తీసిన చోట, లేదా కప్పులో రంధ్రం చేసిన చోట, ఖాళీ మిగులుతుంది. మేస్త్రీ వచ్చే వారం వస్తాడని ఒక బల్ల అడ్డం పెట్టి ఊరుకుంటారు. సెలవులకు వచ్చిన మనుమడు ఆడుకుంటూ అటు పోతే? ద్వితీయోపదేశకాండం ఇరవై రెండవ అధ్యాయంలో దేవుడు ఇల్లు కట్టినవానికి చెప్పిన మాట ఉంది. మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, అక్కడి నుంచి ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటివారి మీదికి వస్తుంది. గోడ కట్టనివాడు కూడా చేయి చేసుకున్నవానితో సమానంగా జవాబు చెప్పుకోవాలని దాని భావం. లిఫ్టు తీసిన రోజే ఆ ఖాళీని గట్టిగా మూయించండి. కరెంటు తీగల చివరలు కూడా మూసివేయించండి.

ఇక ఇవ్వడం సంగతి. మలాకీ ప్రవక్త కాలంలో యాజకులు గుడ్డి జంతువులను, కుంటి జంతువులను బలిపీఠానికి తెచ్చేవారు. మీ అధికారికి ఇటువంటిది ఇస్తే పుచ్చుకుంటాడా అన్నది ప్రవక్త వేసిన ప్రశ్న. మనకు పనికిరానిదాన్ని దేవునికి ఇచ్చి పుణ్యం మూటగట్టుకోవాలనుకునే బుద్ధి ఆనాటిదే కాదు. నడుమ నడుమ ఆగిపోయే లిఫ్టును బీదవారికి ఇచ్చి దానం చేశామనుకుంటే, మనం ఇచ్చింది వారికి ఒక ఖర్చు, ఒక భయం. ఇచ్చే ముందు మెకానిక్ చేత పరీక్ష చేయించండి. అరిగిన చైను, చచ్చిన బ్యాటరీలు మీ డబ్బుతో మార్పించండి. పాత బ్యాటరీలను చెత్తలో పడవేయక, కొత్తవి అమ్మిన అంగడికే తిరిగి ఇవ్వండి. వాటిలోని సీసం మట్టిని, నీటిని విషం చేస్తుంది. ఏదైనా లోపం ఉంటే దాచకుండా చెప్పండి. న్యాయమైన ధరకు అమ్ముకోవడంలో తప్పు లేదు, లోపం దాచి అమ్మడంలోనే ఉంది.

పుచ్చుకునే ఇల్లు దానికి సరిపోతుందా అని కూడా చూడాలి. పది అడుగుల ఎత్తుకు చేసిన లిఫ్టు పన్నెండు అడుగుల మిద్దెకు అందదు. బరువు ఆపగల గోడ ఉందా, చక్రాల కుర్చీ తిరగడానికి చోటుందా, కరెంటు సరిపోతుందా అని కొలిచి చూడాలి. మెట్ల వెంట కుర్చీ జారుతూ పోయే రకంలో తిన్నని పట్టాను మరొక ఇంటికి కోసి అమర్చవచ్చు. వంపులు తిరిగిన పట్టా ఆ మెట్ల కొలతకే చేసినది, మరొక ఇంటికి పనికిరాదు. అటువంటప్పుడు నిజాయితీగా పాత ఇనుముకే అమ్మి, ఆ డబ్బుతో ఒకరికి మంచి చక్రాల కుర్చీ కొనిపెట్టండి. అది కూడా అమ్మ పేరున చేసిన ధర్మమే.

ఎవరికి ఇవ్వాలో తెలియదంటారా? దావీదు రాజు, సౌలు ఇంటివారిలో ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారా, యోనాతానును బట్టి ఉపకారం చేస్తానని విచారించాడు. సీబా అనే సేవకుడు, రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతును గురించి చెప్పాడు. రాజు మనుషులను పంపి అతన్ని రప్పించి, తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు. రాజు అడిగాడు, తెలిసినవాడు చెప్పాడు. మన విచారణల్లో కూడా సీబాలు ఉన్నారు. ఇంటింటికీ తిరిగే ఉపదేశిగారు, మరియదళం సభ్యులు, విన్సెంట్ దె పాల్ సభవారు, రోగులను దర్శించే కన్యస్త్రీలు. ఏ మిద్దె మీద ఎవరు దిగిరాలేక ఉన్నారో వారికి తెలుసు. మీరు అడగడమే తరువాయి.

అయితే పుచ్చుకునేవారిని కూడా అడగండి. వారి మీద జాలి చూపి, వారి ఇంట్లో మన వస్తువును నిలబెట్టి, కృతజ్ఞత ఎదురుచూడడం క్రీస్తు ప్రేమ కాదు. రేణిగుంట నుంచి తిరుపతి, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైలు దారి ఉంది. ఆ దారిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి మన ప్రాంతం వారు ఎందరో వెళ్లారు. ఆ ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ పనిచేశారు. 1954లో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆమెకు నడుము కింది భాగం చచ్చుబడింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. విదేశాలలో శిక్షణ పొంది వచ్చి, కాళ్లు చేతులు పడిపోయినవారు మళ్లీ జీవితంలో నిలబడేందుకు తోడ్పడే విభాగాన్ని అక్కడ నడిపారు. 1966లో అదే ఆసుపత్రి కింద వారి కోసం ప్రత్యేక పునరావాస సంస్థ ఏర్పడింది. 1972లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఇతరులు మోయవలసిన మనిషి ఎందరినో మోసింది. మీరు ఇచ్చే లిఫ్టులో దిగివచ్చే వ్యక్తి రేపు మన విచారణలో పిల్లలకు జపాలు నేర్పవచ్చు, గాయక బృందంలో పాడవచ్చు. అతడు మీ దానానికి గుర్తుగా కాక, మీ సహోదరుడుగా దిగివస్తాడు.

లిఫ్టు ఎక్కడం సిగ్గు అనుకునే పెద్దవారు కూడా ఉన్నారు. నలుగురూ చూస్తారని ఇంట్లోనే ఉండిపోతారు. 2022 ఏప్రిల్‌లో ఫ్రాన్సిస్ పోపుగారు మాల్టా ప్రయాణానికి లిఫ్టు సాయంతోనే విమానం ఎక్కారు. ఆ ఏడాది మే నుంచి చక్రాల కుర్చీలో ప్రజల ముందుకు వచ్చారు. 2025 ఏప్రిల్‌లో ప్రభువు సన్నిధికి చేరేవరకు ఆయన తన బలహీనతను దాచుకోలేదు. పేత్రు పీఠం మీద కూర్చున్నవారికి లేని సిగ్గు మనకెందుకు?

చివరగా ఒక మాట మన గుళ్లను గురించి. మిద్దె నుంచి లిఫ్టులో దిగి, ఆటోలో గుడికి వచ్చిన మనిషికి గుడి ముందు మూడు మెట్లు ఎదురైతే ఏం ప్రయోజనం? చక్రాల కుర్చీకి తగిన వాలుకు లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అరడుగు చొప్పున మూడు మెట్లు అంటే అడుగున్నర. దానికి పద్దెనిమిది అడుగుల వాలుబాట చాలు. ఇంటి మిద్దె పది అడుగులకు నూట ఇరవై అడుగుల బాట కావాలి గనుకనే లిఫ్టు అవసరమైంది. గుడికి కావలసింది కొంచెం సిమెంటు, ఒక మేస్త్రీ, రెండు రోజుల పని. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కఫర్నాములో కప్పు విప్పిన నలుగురికి ఏ చట్టమూ లేకపోయినా తోచిన పని, చట్టం ఉండి కూడా మనకు తోచకపోతే ఎలా?

కాబట్టి ప్రియులారా, ఈ వారంలో మీరు చేయదగిన పని ఒకటి ఉంది. మీ ఇంట్లో గాని, మీ చుట్టాల ఇంట్లో గాని వాడకుండా ఉన్న లిఫ్టు, చక్రాల కుర్చీ, వాకరు, రోగి మంచం ఉన్నాయేమో చూడండి. ఇంటివారందరూ కూర్చొని, వాటిని వాడిన ప్రియుల ఆత్మశాంతి కోసం ఒక జపమాల చెప్పుకోండి. తర్వాత మీ విచారణ గురువులకు గాని ఉపదేశిగారికి గాని కబురు పెట్టండి. తీసివేయడానికి చేతులు రాని తల్లులు, తండ్రులు ఉంటే వారిని తొందరపెట్టకండి. పక్కన కూర్చొని, ఆ లిఫ్టు దిగి ఎవరు ఎక్కడికి వెళ్లారో, చివరిసారి గుడికి ఎప్పుడు వచ్చారో అడగండి. మాట్లాడుతూ ఉండగానే ఇవ్వాలన్న మనసు వారికే కలుగుతుంది.

పక్షవాత రోగిని మోసిన నలుగురి విశ్వాసాన్ని చూసిన ప్రభువు మన చేతులను కూడా చూచుగాక. మనలను విడిచి వెళ్లిన పెద్దలకు నిత్య విశ్రాంతిని, మిద్దెల మీద ఎదురుచూస్తున్న మన సహోదరీ సహోదరులకు దిగివచ్చే దారిని, బరువులు మోసే కూలీలకు క్షేమాన్ని అనుగ్రహించుగాక. ఆమెన్.